ఎడ్జ్‌వుడ్ దావా: పాతికేళ్ల పోరు, ఒక రాబిన్‌హుడ్ చట్టం

బడి డబ్బు కథ – 4వ భాగం

గత భాగాన్ని 1949లో టెక్సస్ శాసనసభ చేసిన గిల్మర్-ఎయికిన్ చట్టాల దగ్గర ఆపాం. రాష్ట్రంలోని ప్రతి బడికీ కనీస నిధి అందాలన్నది వాటి ఉద్దేశం. ఆ నిధిలో సుమారు 80 శాతం రాష్ట్ర ఖజానా ఇస్తుంది. మిగిలిన 20 శాతం స్కూల్ డిస్ట్రిక్టులన్నీ కలిసి ఆస్తి పన్ను నుంచి సర్దాలి. కలిగిన డిస్ట్రిక్ట్ ఎక్కువ వేసుకోవాలి, లేనిది తక్కువ. ఇంతవరకు వంక పెట్టడానికేమీ లేదు. చిక్కంతా ఆ పైన వచ్చింది. తన వాటా కట్టేశాక ఏ డిస్ట్రిక్ట్ ఎంత అదనంగా వసూలు చేసుకుంటే అదంతా దాని సొంతం. భూముల విలువ ఉన్నచోట ఆ అదనం పొంగిపొర్లింది, లేనిచోట జనాన్ని ఎంత పిండినా రాలలేదు. ఆ అదనం మీద పాతికేళ్లు సాగిన తగాదాయే ఈ భాగం.

కథలోకి వెళ్లే ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన ఊళ్లలో ఇంటి పన్ను పంచాయతీకో మునిసిపాలిటీకో పోతుంది. దానికి గ్రంథాలయ సెస్సు కలుపుతారు గానీ ప్రభుత్వ బడి టీచరు జీతం దాని మీద ఆధారపడదు, అది రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. పక్క మండలంలో స్థలాల ధరలు రెట్టింపైతే మన బడికి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే సొంత సరిహద్దు, ఎన్నికైన బోర్డు, పన్ను వేసే అధికారం ఉన్న ఒక చిన్న ప్రభుత్వం. డాలస్ శివార్లలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం ముందు అడిగేది స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదని, ఆ వెంటనే అడిగేది ప్రాపర్టీ ట్యాక్స్ ఎంతని. ఒకదాన్ని తేలిస్తే రెండోది సగం తేలినట్టే. టెక్సస్‌లో వ్యక్తులకు రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆ బరువు కూడా చాలావరకు ఇళ్ల మీదే పడుతుంది.

ఒకే నగరం, రెండు పద్దులు

1960ల చివర శాన్ ఆంటోనియో మహానగర ప్రాంతంలో ఏడు స్కూల్ డిస్ట్రిక్టులుండేవి. వాటిలో ఎడ్జ్‌వుడ్ ఒకటి. 25 బడులు, సుమారు 22,000 మంది పిల్లలు. నూటికి తొంభై మంది మెక్సికన్ అమెరికన్లు, ఆరుగురికి పైగా నల్లజాతి పిల్లలు. చెప్పుకోదగ్గ ఫ్యాక్టరీ గానీ పెద్ద వ్యాపారం గానీ లేదు. ఉన్నవన్నీ సామాన్యుల ఇళ్లే. అదే నగరంలో ఆలమో హైట్స్ ఇంకొక డిస్ట్రిక్ట్. ఆరు బడులు, సుమారు 5,000 మంది పిల్లలు, ఎక్కువగా కలిగిన శ్వేతజాతి కుటుంబాలవాళ్లు.

1967-68 విద్యా సంవత్సరానికి ఈ రెండింటి పద్దులూ తర్వాత కోర్టు రికార్డుల్లోకి ఎక్కాయి. కొంచెం ఓపికగా చూడాల్సిన అంకెలివి. డిస్ట్రిక్ట్‌లోని ఆస్తుల విలువను పిల్లల సంఖ్యతో భాగిస్తే ఎడ్జ్‌వుడ్‌లో తలకు 5,960 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 49,000 పైచిలుకు. ఎడ్జ్‌వుడ్ జనం నూరు డాలర్ల ఆస్తికి 1 డాలరు 5 సెంట్ల చొప్పున పన్ను కట్టారు. ఆ ప్రాంతంలో అంతకు మించిన రేటు మరెక్కడా లేదు. కనీస నిధిలో వాటా పోను వారికి మిగిలింది పిల్లవాడికి 26 డాలర్లు. ఆలమో హైట్స్ వారు 85 సెంట్లే కట్టారు. మిగిలింది పిల్లవాడికి 333 డాలర్లు!

రాష్ట్రం ఈ తేడాను పూడ్చిందా అంటే అదీ లేదు. కనీస నిధి కింద ఎడ్జ్‌వుడ్‌కు తలకు 222 డాలర్లు వస్తే ఆలమో హైట్స్‌కు 225 వచ్చాయి. పేద డిస్ట్రిక్ట్‌కే మూడు డాలర్లు తక్కువ. కేంద్రం ఎడ్జ్‌వుడ్‌కు 108, ఆలమో హైట్స్‌కు 36 డాలర్లు ఇవ్వబట్టి కాస్త ఊరట. అన్నీ కలిపితే ఒకచోట 356, ఇంకోచోట 594. ఎక్కువ రేటుకు పన్ను కట్టినవాళ్ల బడికి తక్కువ డబ్బు చేరింది.

ఎడ్జ్‌వుడ్ బోర్డు కావాలంటే రేటు ఇంకా పెంచుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రాంతంలో మరే డిస్ట్రిక్ట్‌కైనా వచ్చే అత్యధిక రాబడిని అందుకోవాలంటే ఆలమో హైట్స్ వారికి 68 సెంట్లు చాలు, ఎడ్జ్‌వుడ్ వారు మాత్రం 5 డాలర్ల 76 సెంట్లు వేయాలి. చట్టం విధించిన గరిష్ఠ పరిమితి 1 డాలరు 50 సెంట్లు. అంటే ఆ తల్లిదండ్రులు ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడినా చట్టం ఒప్పుకోదు.

వీధికెక్కిన పిల్లలు

1968 మే 16న ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు సుమారు 400 మంది తరగతులు వదిలి సూపరింటెండెంట్ కార్యాలయానికి నడిచారు. పాడుబడిన భవనాలు బాగుచేయించండి, అర్హత ఉన్న టీచర్లను పెట్టండి అని అడిగారు. ఆ కదలికతో తల్లిదండ్రులు కూడా సంఘం కట్టారు. అందులో డెమెట్రియో రోడ్రిగెజ్ ఒకరు. మిలిటరీలో పనిచేసి వచ్చి, కెల్లీ వైమానిక స్థావరంలో రేకుల పని చేసుకుంటున్న మనిషి. ఆయన పిల్లలు చదివే ప్రాథమిక పాఠశాలలో పై అంతస్తు పనికిరాదని మూసేశారు. అక్కడ గబ్బిలాలు కాపురం పెట్టాయి.

తల్లిదండ్రుల అనుమానం మొదట సొంత స్కూలు బోర్డు మీదే. డబ్బు ఎవరో తినేస్తున్నారు, లేదా దుబారా చేస్తున్నారు అనుకున్నారు. ఆర్థర్ గోక్‌మన్ అనే న్యాయవాది దగ్గరికి వెళితే ఆయన లెక్కలు తిరగేసి రోగం వేరేచోట ఉందని చెప్పాడు. బోర్డు ఎంత నిజాయితీగా నడిచినా ఆ రాబడితో బడి నడవదు. తప్పు పట్టాల్సింది రాష్ట్ర చట్టాన్ని. 1968 జులైలో రోడ్రిగెజ్ పేరు ముందు పెట్టి ఫెడరల్ కోర్టులో దావా వేశారు.

విచారణ మూడేళ్లకు పైగా సాగింది. ఈలోగా 1971 ఆగస్టులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు సెరానో కేసులో ఇదే తరహా పద్ధతిని తప్పుపట్టింది. ఆ డిసెంబరులో టెక్సస్‌లోని ముగ్గురు జడ్జీల ఫెడరల్ ధర్మాసనం కూడా ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రుల పక్షాన నిలిచింది. రాష్ట్రం అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1973 మార్చి 21న తీర్పు వచ్చింది. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. తల్లిదండ్రులు ఒక్క ఓటుతో ఓడారు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ లూయిస్ పావెల్ గతంలో రిచ్‌మండ్ నగర స్కూలు బోర్డుకు అధ్యక్షుడిగా చేసినవాడు. స్థానికుల చేతిలో బడి ఉండాలన్నది ఆయన నమ్మకం. అమెరికా రాజ్యాంగం చదువును ప్రాథమిక హక్కుగా ఎక్కడా పేర్కొనలేదు, పేద డిస్ట్రిక్ట్‌లో ఉండటం ప్రత్యేక రక్షణకు అర్హత కాదు అని ఆయన తేల్చాడు. పన్నుల పద్ధతిలో సంస్కరణ అవసరమేనని ఒప్పుకుంటూ, ఆ పని శాసనకర్తలు చేయాలి గానీ కోర్టులు కాదన్నాడు. జస్టిస్ థర్గుడ్ మార్షల్ విడిగా సుదీర్ఘమైన అసమ్మతి తీర్పు రాశాడు. అన్యాయానికి గురైన పిల్లలను మళ్లీ ఆ అన్యాయం చేసిన శాసనసభ గుమ్మం దగ్గరికే పంపుతున్నారన్నది ఆయన అభ్యంతరం.

ఆ రోజుతో ఫెడరల్ కోర్టుల తలుపు మూసుకుంది. అయితే సరిగ్గా పదమూడు రోజులకు, ఏప్రిల్ 3న, న్యూజెర్సీ సుప్రీంకోర్టు రాబిన్సన్ కేసులో తన రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా పాత పద్ధతిని కొట్టేసింది. అమెరికా రాజ్యాంగంలో లేని హామీ రాష్ట్ర రాజ్యాంగాల్లో దొరుకుతుందని లాయర్లకు దారి చూపింది ఆ తీర్పే.

తొమ్మిదికి తొమ్మిది

టెక్సస్ ఆ దారి పట్టడానికి పదకొండేళ్లు పట్టింది. 1984 మేలో మెక్సికన్ అమెరికన్ల హక్కుల సంస్థ మాల్డెఫ్ పేద డిస్ట్రిక్టుల తరఫున రాష్ట్ర కోర్టులో కొత్త దావా వేసింది. మొదటి పేరు మళ్లీ ఎడ్జ్‌వుడ్‌దే. ఈసారి ఆధారం 1876 నాటి టెక్సస్ రాజ్యాంగం. ప్రజలందరికీ జ్ఞానం అందేలా, సమర్థమైన ఉచిత పాఠశాలల వ్యవస్థను నిలబెట్టడం శాసనసభ విధి అని అందులో స్పష్టంగా ఉంది.

జిల్లా జడ్జి హార్లీ క్లార్క్ 1987 ఏప్రిల్‌లో పేద డిస్ట్రిక్టులకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు. ఆస్టిన్‌లో చదివిన తెలుగు విద్యార్థులకు ఆయన పేరు తెలియకపోయినా ఆయన చేతి సంజ్ఞ తెలిసే ఉంటుంది. చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తే ‘హుక్ ఎమ్ హార్న్స్’ గుర్తును 1955లో విద్యార్థిగా ఉన్నప్పుడు జనంలోకి తెచ్చింది ఆయనే. పై కోర్టు 1988లో ఆయన తీర్పును తిరగేసింది. కేసు టెక్సస్ సుప్రీంకోర్టుకు చేరింది.

అక్కడ న్యాయమూర్తులు పార్టీ టికెట్ మీద ఎన్నికవుతారు. ధర్మాసనంలో డెమొక్రాట్లూ ఉన్నారు, రిపబ్లికన్లూ ఉన్నారు. 1989 అక్టోబరు 2న తొమ్మిది మందీ ఒక్కమాట మీద పాత పద్ధతిని కొట్టేశారు. తీర్పు రాసిన జస్టిస్ ఆస్కార్ మౌజీ అంతకుముందు రాష్ట్ర సెనేటర్. ఆ తీర్పులో వాదం కంటే అంకెలే ఎక్కువ మాట్లాడతాయి. రాష్ట్రంలో అత్యంత సంపన్న డిస్ట్రిక్ట్‌కూ అత్యంత పేద డిస్ట్రిక్ట్‌కూ మధ్య పిల్లవాడి తలకు ఆస్తి విలువలో తేడా 700 రెట్లు. పిల్లవాడి మీద ఏడాదికి 2,112 డాలర్లు ఖర్చుపెట్టే చోటు ఒకటైతే 19,333 డాలర్లు ఖర్చుపెట్టే చోటు ఇంకొకటి. 1985-86లో పన్ను రేటు ఒకచోట 9 సెంట్లు, ఇంకోచోట 1 డాలరు 55 సెంట్లు. ఎడ్జ్‌వుడ్, ఆలమో హైట్స్ సంగతీ చూశారు: తలకు 38,854 డాలర్లు ఒకవైపు, 5,70,109 ఇంకోవైపు. రోడ్రిగెజ్ మొదటి దావా వేసినప్పుడు ఎనిమిది రెట్లున్న తేడా ఇరవయ్యేళ్లలో దాదాపు పదిహేను రెట్లయింది.

డబ్బు లేకపోవడమంటే ఏమిటో చెప్పడానికి న్యాయమూర్తులు శాన్ ఎలిజారియో అనే సరిహద్దు ఊరి డిస్ట్రిక్ట్‌ను చూపించారు. అక్కడ కెమిస్ట్రీ లేదు, ఫిజిక్స్ లేదు, కాలిక్యులస్ లేదు. విదేశీ భాష నేర్పేవారు లేరు. కాలేజీకి సిద్ధం చేసే కోర్సు ఒక్కటీ లేదు. చిన్నపిల్లలకు ప్రీ-కిండర్‌గార్టెన్ లేదు. ఫుట్‌బాల్‌ను ఊరి పరువుగా చూసుకునే టెక్సస్‌లో ఆ బడికి జట్టు కూడా లేదు, బ్యాండు కూడా లేదు. ఆ ఊరి పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా ఇంజినీరింగ్ సీటుకు అవసరమైన పాఠాలే చదవలేడు.

పూజారి వరం

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. కోర్టు 1990 మే 1 గడువు పెట్టింది. కొత్త చట్టం రాయాల్సింది శాసనసభ. కొత్త పన్ను అంటే గవర్నర్ బిల్ క్లెమెంట్స్ ససేమిరా అన్నారు. ప్రత్యేక సమావేశాల మీద ప్రత్యేక సమావేశాలు జరిగాయి. గడువు దాటిపోయింది. చివరికి జూన్‌లో సెనేట్ బిల్లు 1 బయటపడింది. అమ్మకం పన్ను 6 నుంచి 6.25 శాతానికి పెరిగింది, పేద డిస్ట్రిక్టులకు కొంత అదనపు సొమ్ము వచ్చింది. కానీ అత్యంత సంపన్నమైన డిస్ట్రిక్టులను లెక్కలోంచే తప్పించారు. అసలు కేసు వాటి గురించే కదా! 1991 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నీ ఏకగ్రీవంగా కొట్టేసింది.

అప్పటికి ఆన్ రిచర్డ్స్ గవర్నర్ అయ్యారు. ఏప్రిల్‌లో రెండో ప్రయత్నం, సెనేట్ బిల్లు 351. రాష్ట్రాన్ని 188 ‘కౌంటీ విద్యా డిస్ట్రిక్టులు’గా విడదీసి, పేదా గొప్పా డిస్ట్రిక్టులను ఒక గొడుగు కిందికి తెచ్చి, పన్ను ఉమ్మడిగా వసూలు చేసి పంచుదామన్నారు. కాగితం మీద ఇదే అన్నిటికంటే సాఫీ పద్ధతి. కానీ సంపన్న డిస్ట్రిక్టులు ఈసారి తామే కోర్టుకెక్కాయి. ముందు నిలిచింది డాలస్ శివారులోని కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్. ఇవాళ ఎన్నో తెలుగు కుటుంబాలున్న ప్రాంతమది. రాష్ట్ర ప్రభుత్వం ఆస్తి పన్ను వేయకూడదని టెక్సస్ రాజ్యాంగంలో నిషేధం ఉంది. రేటు ఎంతో, డబ్బు ఎవరికో రాష్ట్రమే నిర్ణయిస్తూ పేరుకు కౌంటీ చేత వసూలు చేయిస్తే అది రాష్ట్ర పన్ను కాక మరేమిటని వాళ్ల వాదన. 1992 జనవరిలో కోర్టు అవునంది. విచిత్రమేమిటంటే బడులు మూతపడకుండా ఆ చెల్లని పన్నును కొంతకాలం వసూలు చేసుకోనిచ్చింది. కొత్త గడువు 1993 జూన్ 1.

అటు చూస్తే పంచకపోతే చెల్లదు, ఇటు చూస్తే రాష్ట్రమే పంచితే చెల్లదు. రాజ్యాంగాన్నే సవరిద్దామని శాసనసభ ప్రజల దగ్గరికి వెళ్లింది. 1993 మే 1న ఓటింగ్. సుమారు 63 శాతం వద్దన్నారు. గడువుకు ఇక నెలరోజులే. అప్పటికి చట్టం రాకపోతే రాష్ట్ర నిధులు ఆగిపోతాయి, బడులకు తాళాలు పడతాయి.

అయిదు దారులు

ఆ నెలలో తయారైందే సెనేట్ బిల్లు 7. సెనేట్ విద్యా కమిటీ అధ్యక్షుడు బిల్ ర్యాట్‌లిఫ్, వృత్తిరీత్యా ఇంజినీరు, దీని ప్రధాన రూపకర్త. చట్టపరమైన చిక్కును ఆయన ఇలా దాటారు. రాష్ట్రం పన్ను వేయదు. డిస్ట్రిక్ట్ పన్ను డిస్ట్రిక్టే వేసుకుంటుంది. అయితే ఒక్కో విద్యార్థికి ఆస్తి విలువ 2,80,000 డాలర్లు దాటకూడదు. ఇక్కడ విద్యార్థుల సంఖ్య అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలను ఎక్కువ బరువుతో లెక్కించాక వచ్చేది. దాటిన డిస్ట్రిక్ట్ అయిదు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. మరో డిస్ట్రిక్ట్‌లో కలిసిపోవచ్చు. కొంత భూభాగాన్ని వేరేవారికి వదులుకోవచ్చు. పన్ను వసూలు వరకు మరొకరితో ఉమ్మడి కావచ్చు. పేద డిస్ట్రిక్ట్ పిల్లల చదువు ఖర్చును ఒప్పందం ప్రకారం భరించవచ్చు. లేదా రాష్ట్రం నుంచి ‘హాజరు క్రెడిట్లు’ కొనుక్కోవచ్చు.

చివరి దారి చూడండి. డిస్ట్రిక్ట్ చెక్కు రాస్తుంది. బదులుగా, లేని పిల్లలు కొందరు తమ బడికి హాజరైనట్టు లెక్కల్లో చేరతారు. దాంతో తలసరి ఆస్తి విలువ పరిమితిలోకి దిగుతుంది. లేని పిల్లల హాజరును డబ్బుపెట్టి కొనుక్కోవడమన్న మాట! దీనికి స్థానిక ఓటర్ల ఆమోదం కూడా పెట్టారు. ఎంపిక డిస్ట్రిక్ట్‌ది, ఆమోదం ఓటర్లది, కాబట్టి ఇది రాష్ట్ర పన్ను కాదు. ఊహించినట్టే, సొంత సరిహద్దు చెరుపుకోవడానికి ఎవరూ ఇష్టపడలేదు. దాదాపు అందరూ డబ్బు చెల్లించే దారులే పట్టారు. రిచర్డ్స్ మే చివర గడువు లోపే సంతకం చేశారు. జనం దీనికి పెట్టిన పేరు రాబిన్‌హుడ్.

రెండు వైపులవారూ మళ్లీ కోర్టుకెళ్లారు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. తీర్పు రాసిన జస్టిస్ జాన్ కార్నిన్ తర్వాత అమెరికా సెనేటర్ అయ్యారు. 700 రెట్లున్న తేడా ఈ చట్టంతో 28 రెట్లకు దిగుతుందని కోర్టు గుర్తించింది. మొదటి దావా నాటి పిల్లలు అప్పటికే పెద్దవాళ్లయిపోయారు. రోడ్రిగెజ్ కూతురు అదే ఎడ్జ్‌వుడ్‌లో టీచరయింది. ఆయన 2013లో మరణించారు.

ఎవరు ఎవరికి ఇచ్చారు?

రాబిన్‌హుడ్ అన్న పేరు సగం నిజం. పేద డిస్ట్రిక్టులకు డబ్బు చేరింది, బడులు బాగుపడ్డాయి, ఆ మేలు చిన్నది కాదు. కానీ చట్టం కొలిచింది ఆస్తి విలువను, కుటుంబాల సంపదను కాదు. ఆఫీసు భవనాలు, ఖరీదైన స్థలాలు ఉన్న నగరంలో పేద పిల్లలు ఎంతమంది ఉన్నా ఆ డిస్ట్రిక్ట్ లెక్కలో సంపన్నమే. అందుకే పేద కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్న ఆస్టిన్ డిస్ట్రిక్ట్ రాష్ట్రంలోకెల్లా పెద్ద మొత్తం చెల్లించే స్థితికి వచ్చింది.

ఇంకో సంగతి అప్పట్లో చాలామంది గమనించలేదు. భూముల ధరలు పెరిగేకొద్దీ స్థానిక పన్ను రాబడి పెరుగుతుంది. ఫార్ములా ప్రకారం ఆ మేరకు రాష్ట్రం ఇవ్వాల్సింది తగ్గుతుంది. సంపన్న డిస్ట్రిక్టుల చెక్కులు కూడా రాష్ట్ర పద్దులోకే వస్తాయి. కొత్త పన్ను వేసిన అపవాదు లేకుండా ఖజానా బరువు ఇంటి యజమానుల మీదికి జారింది. ఆదాయపు పన్ను మాట ఎత్తడానికి ఏ పార్టీ సాహసించని రాష్ట్రంలో రాజకీయ నాయకులకు ఇంతకంటే అనువైన ఏర్పాటు దొరకదు. కోర్టు నాలుగుసార్లు తీర్పు చెప్పినా డిస్ట్రిక్టుల సరిహద్దుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఎడ్జ్‌వుడ్, ఆలమో హైట్స్ నేటికీ ఒకే నగరంలో రెండు విడి డిస్ట్రిక్టులు.

టెక్సస్‌లో ఉంటున్న పాఠకులకు ఒక మనవి. మీ స్కూల్ పన్ను రెండు భాగాలు. బడి నడపడానికయ్యే ‘ఎం అండ్ ఓ’ ఒకటి, భవనాల అప్పు తీర్చే ‘ఐ అండ్ ఎస్’ రెండోది. రాబిన్‌హుడ్ లెక్క మొదటిదానికే వర్తిస్తుంది, రెండోది పూర్తిగా మీ డిస్ట్రిక్ట్‌లోనే ఉంటుంది. బాండ్లకు ఓటు వేసేటప్పుడు, బోర్డు ఎన్నికల్లో అభ్యర్థిని ప్రశ్నించేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండటం మంచిది. 2005లో ఆ మొదటి భాగం మీదే టెక్సస్ సుప్రీంకోర్టు మరో బాంబు వేసింది. చాలా డిస్ట్రిక్టులు 1 డాలరు 50 సెంట్ల గరిష్ఠ రేటుకు చేరిపోయి ఎంపిక అన్నదే లేకుండా పోయింది కాబట్టి, ఇది మళ్లీ నిషిద్ధ రాష్ట్ర పన్నేనని తేల్చింది. దాని నుంచి శాసనసభ ఎలా బయటపడిందో వచ్చే భాగంలో చూద్దాం.